మా యింట్లో ద్విపాత్రాభినయం

చెప్తే నవ్వుతారు గానీ, మా ఆవిడ కడుపులో వున్నది ఒకరు కాదు, యిద్దరూ అని తెలిసిన క్షణాన నాకు మొట్టమొదట గుర్తొచ్చింది దేవుడూ కాదు, డబ్బూ కాదు. ఎన్.టి.రామారావు! అదీ ఒక్క రామారావు కాదు, 'రాముడు భీముడు'లోని యిద్దరు రామారావులు. ఒకడు బావ కేకేస్తే గజగజ వణికేవాడు, యింకొకడు ఆ బావనే వణికించేవాడు. 1964లో వచ్చిన ఆ సినిమాని మా నాన్న ఎన్నిసార్లు ఆడించాడో లెక్కలేదు. నేను ఎన్నిసార్లు చూశానో ఆ లెక్క అసలే లేదు.

నేను తెనాలిలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్ని. మా నాన్న కూడా ఆపరేటరే. ఆయన రోజుల్లో క్యాబిన్‌లో రెండు మిషన్లుండేవి. ఒకదానిలో రీలు అయిపోవస్తుంటే తెరమీద కుడివైపు పైమూల చిన్న చుక్క పడేది. మీరు పాతకాలం ప్రేక్షకులైతే చూసే వుంటారు. ఆ చుక్క పడగానే రెండో మిషను స్టార్ట్ చెయ్యాలి, రెండో చుక్కకి మార్చెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే తెర తెల్లబోయేది, కింద నుంచి యీలలూ తిట్లూ వచ్చేవి. ఇప్పుడు నా క్యాబిన్‌లో అదేం లేదు. ఒకటే ప్రొజెక్టరు, ఒక కంప్యూటరు. సినిమా లోపలికి ఎక్కుతుంది, 'కీ' వస్తే తెరుచుకుంటుంది, మీట నొక్కితే ఆడుతుంది. "యిదీ ఒక వుద్యోగమేనంట్రా?" అంటాడు మా నాన్న.

సరే, అసలు సంగతికొస్తాను.

2016 నవంబరు. పెద్ద నోట్లు రద్దయి పది రోజులైంది. హాల్లో జనం లేరు, జనం దగ్గర నోట్లు లేవు. నేను బ్యాంకు దగ్గర క్యూలో నిలబడి వున్నాను, నా ముందు యింకా యాభైమంది వుంటారు. అప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏవండీ, రెండు గీతలు వచ్చినయ్" అంది. నాకర్థం కాలేదు. రెండు వేల నోటు మీద గీతలేమో అనుకున్నాను. ఆ రోజుల్లో అందరికీ ఆ నోటు ధ్యాసే! మళ్లీ చెప్తే గానీ బుర్రకెక్కలేదు. క్యూ వదిలేసి పరుగెత్తుకుంటూ యింటికొచ్చేశాను. డబ్బు తేలేదని ఆ పూట మా అమ్మ చేత చీవాట్లు తిన్నాను గానీ, సంగతి తెలిశాక ఆవిడే పక్కింట్లో పంచదార బదులు అడిగి తెచ్చి నోట్లో పోసింది.

సంక్రాంతి ముందు వారం, మా వూళ్లోనే ఒకచోట స్కానింగు తీయించాం. తెరమీద నల్లటి గుంటలో రెండు తెల్లటి బియ్యపుగింజలు కదులుతున్నయ్. "కవలలండీ, రెండు గుండెలూ బాగా కొట్టుకుంటున్నాయి" అన్నారు. రిపోర్టులో కూడా అంతే రాసిచ్చారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. మాకూ యింకేం అడగాలో తెలీదు.

ఇంక చూడండి మా వీధిలో హడావిడి! "జంట అరటిపండు తిన్నావుటే?" అని మా ఆవిణ్ణి అడగని ముసలమ్మ లేదు. "నేను తినలేదు పిన్నిగారూ, ఆయన తిన్నారు" అని నామీదకు తోసేసింది. పేర్లు అప్పుడే పెట్టేశారు కూడా. మగపిల్లలైతే రాముడు, భీముడు. ఆడపిల్లలైతే గంగ, మంగ. 1973లో వాణిశ్రీ రెండు వేషాలు వేసిన సినిమా పేరది. మా అమ్మకి ఆవిడంటే ప్రాణం. "ఒకటి అల్లరిది, ఒకటి నెమ్మదిది. ఎవర్తి ఎవర్తో ముందు చూద్దాం" అని తేల్చేసింది.

మా అమ్మ యింకో నియమం కూడా పెట్టింది. కట్టుకున్నది కడుపుతో వుంటే మగాడు కొబ్బరికాయ కొట్టకూడదట! మీకిది చిన్నమాటగా అనిపించవచ్చు. కానీ మా హాల్లో కొత్త బొమ్మ పడినప్పుడల్లా ప్రొజెక్టరుకి బొట్టు పెట్టి, మొదటి ఆటకి ముందు కాయ కొట్టేది నేనే. ఆ సంక్రాంతికి జనవరి 11న 'ఖైదీ నంబర్ 150' పడింది. ఎన్నో యేళ్ల తర్వాత చిరంజీవి హీరోగా తిరిగొచ్చిన సినిమా, అందులోనూ రెండు వేషాలు. బయట డప్పులు, కాగితపుముక్కల వాన. నేను మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాను. గేటు కుర్రాడు కాయ కొట్టాడు. అంత సంబరంలోనూ నాకు ఎక్కడో కలుక్కుమంది. చదువుకున్నవాణ్ణి, నమ్మను. కానీ ఎదురు చెయ్యటానికి ధైర్యం చాల్లేదు.

పండగ వెళ్లాక ఎవరో చెబితే గుంటూరు వెళ్లాం, యింకో డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ మా రిపోర్టు ముందుకీ వెనక్కీ తిప్పింది. "కవలలని రాశారు బాగానే వుంది. మాయ ఒకటా, రెండా?" అని అడిగింది. మేం మొహమొహాలు చూసుకున్నాం. "అసలు చూడాల్సింది అది. మూడో నెల్లో చక్కగా తెలుస్తుంది, కడుపు పెరిగేకొద్దీ తెలుసుకోవటం కష్టం. సమయానికే వచ్చార్లెండి" అని అప్పటికప్పుడు మళ్లీ స్కానింగు రాసింది.

మాయ ఒక్కటే!

ఆవిడ ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. కవలలందరూ ఒకటి కాదట. రెండు అండాల నుంచి పుట్టినవాళ్లకి ఎవరి మాయ వాళ్లకుంటుంది. వాళ్లు మామూలు అన్నదమ్ముల్లాంటివాళ్లే, కాకపోతే ఒకే కాన్పు. ఒకే అండం రెండుగా చీలితే వచ్చేవాళ్లు అచ్చుగుద్దినట్టుంటారు. వాళ్లలో చాలామందికి యిద్దరికీ కలిపి ఒకే మాయ. మావాళ్లకి వుమ్మనీటి సంచులు మాత్రం వేరువేరు, మధ్యన పలచని పొర. ఒకే మాయలో యిద్దరి రక్తనాళాలూ ఒకదానితో ఒకటి కలిసి వుంటాయి. పంపకం సమంగా వుంటే బాధ లేదు. అలాంటి జంటల్లో నూటికి పది పదిహేనింట్లో మాత్రం ఒకరి రక్తం రెండోవారికి ఎక్కువ వెళ్లిపోతుంది. వెళ్లిపోయినవాడికి నీరు తగ్గుతుంది, వచ్చినవాడికి నీరు పెరుగుతుంది. యిద్దరికీ ప్రమాదమే. అందుకని పదహారో వారం దగ్గర్నించీ రెండు వారాలకొకసారి చూస్తూనే వుండాలి.

ఆవిడ చెబుతుంటే నాకు 1994లో ఇ.వి.వి. సత్యనారాయణ తీసిన 'హలో బ్రదర్' గుర్తొచ్చింది. ఒక నాగార్జునని కొడితే రెండో నాగార్జునకి దెబ్బ తగుల్తుంది చూశారూ! చిన్నప్పుడు ఎంత నవ్వానో. అది కల్పన, పుట్టాక అలా వుండదు. కానీ మా ఆవిడ కడుపులో మాత్రం ఆ సంగతి నిజంగానే నడుస్తోంది. ఒకరికి జరిగేది రెండోవారికి తగుల్తుంది. ఆ రోజు బస్సులో తెనాలి వచ్చేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు.

మరో తగాదా పురుడి దగ్గర. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా. మా అత్తవారిది రేపల్లె. "గుంటూరికి దగ్గర్లో వుండాలి, పైగా పిల్లలకి పెట్టెలున్న ఆసుపత్రిలోనే కానుపు" అంది డాక్టరమ్మ. మా మామగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. చివరికి మా అత్తగారే మూట సర్దుకుని మా యింటికొచ్చేసింది. రెండు గదుల యిల్లు. ఒకే వంటింట్లో మా అమ్మా, మా అత్తగారూ! ఒకావిడ బొప్పాయి పేరెత్తనివ్వదు, ఒకావిడ నువ్వులు ముట్టనివ్వదు. మా ఆవిడకు రక్తం తక్కువగా వుందని ఐరన్ మాత్రలు రాస్తే, వాటితో పిల్లలు నల్లగా పుడతారని యిద్దరూ కలిసి దాచేశారు. ఆ ఒక్క విషయంలో మాత్రం మా వియ్యపురాళ్లిద్దరిదీ ఒకే మాట. నేను వెతికి బయటికి తీసి, పొద్దున్నే ఎదురుగా నిలబడి మింగించేవాణ్ణి.

నా జీతం అప్పట్లో 14,000. రెండు వారాలకొక స్కానింగు, బస్సులో కుదుపులకి పనికిరాదని కారు బాడుగ. ఓనరుగారు మంచాయన గనుక అడ్వాన్సు యిచ్చారు. బదులుగా సెలవు మాత్రం అడక్కూడదు. అదీ మాట.

అయిదో నెల్లో తెలిసింది యిద్దరిలో ఒకరు కొంచెం చిన్నగా వున్నారని. ఆడో మగో మనకు చెప్పరు కదా. చట్టం ఒప్పదు, గోడమీద బోర్డు కూడా వుంటుంది. అందుకని మేమే పిలుచుకునేవాళ్లం, పెద్దవాడు భీముడు, చిన్నవాడు రాముడు. "భీముడు తంతున్నాడండీ" అనేది మా ఆవిడ రాత్రిపూట. నేను చెయ్యి వేస్తే నిజంగానే తన్నేవాడు. "మరి రాముడు?" అంటే, "వాడు నెమ్మదస్తుడు, ఎప్పుడోగానీ కదలడు" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ కదలిక కోసం అర్ధరాత్రి దాకా మేలుకుని వుండేదని నాకు చాలా రోజులకు గానీ తెలీలేదు.

ఇంక ఏప్రిల్ 28 సంగతి. 2017 ఏప్రిల్ 28, శుక్రవారం. ఆ తేదీ మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. 'బాహుబలి 2' విడుదలైన రోజు. మా ఆవిడకి సరిగ్గా యిరవై ఎనిమిది వారాలు నిండి, స్కానింగుకి పిలిచిన రోజు కూడా అదే.

"వెళ్లనా, మానెయ్యనా?" అని నేను అడిగుంటే ఓనరుగారు ఏమనేవారో తెలీదు. నేను అడగలేదు. అదీ నిజం. రెండేళ్లుగా కట్టప్ప ఎందుకు చంపాడని వూరూ వాడా అడుగుతుంటే, ఆ జవాబుకు మీట నొక్కేది నేను! ఆ మోజు నాకు లేదని అంటే అబద్ధం. "అత్తయ్యను తోడు తీసుకెళ్లు, ప్రతిసారీ చూసేదేగా" అన్నాను. ఆవిడ సరేనంది. చెప్పులు వేసుకుంటూ ఒకసారి నావైపు చూసింది, అంతే.

తెల్లవారుజామున మొదటి ఆట. మీకెలా చెప్పను! క్యాబిన్ కిటికీలోంచి కిందికి చూస్తే తలలు తప్ప నేల కనపడలేదు. ప్రభాస్ రాగానే హాలు అదిరిపోయింది. ఒక ఆట, రెండో ఆట, మూడో ఆట... ఫోను ఎక్కడో మూలన పడి వుంది. మ్యాట్నీ ఇంటర్వెల్లో తీసి చూస్తే పదకొండు పిలుపులు. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసేలోపు బెల్లు కొట్టారు. ఆట వెయ్యాలి.

రాత్రి ఒంటిగంట దాటాక యింటికెళ్లాను. మా అత్తగారు వాకిట్లోనే కూర్చునుంది. "రాముడు పెరగటం లేదంట బాబూ. నీరు కూడా తగ్గిందంట. బొడ్డుతాడులో రక్తం ఎలా పోతోందో యిక వారం వారం చూడాలంట" అని చెప్పి కళ్లొత్తుకుంది. లోపలికెళ్తే మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని తెలుస్తూనే వుంది. మంచం అంచున కూర్చున్నాను. చాలాసేపటికి, యిటు తిరక్కుండానే అంది:

"మీరు తెరమీద యిద్దరు ప్రభాసుల్ని చూసుకున్నారు. నేను లోపల యిద్దర్నీ ఒక్కదాన్నే చూసొచ్చాను."

తిట్టినా బాగుండేది.

పొద్దున్నే మా నాన్నకు చెప్పాను. ఆయన బీడీ వెలిగించుకుని, ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెప్పాడు. 1988లో నేను పుట్టిన రాత్రి ఆయన సెకండ్ షోలో వున్నాట్ట. కబురొచ్చింది, కానుపు కష్టంగా వుందని. రెండో మనిషి లేడు. మిషన్లు వదిలి కదిలితే తెర తెల్లబోతుంది. ఆఖరి రీలు అయ్యేదాకా వుండి, అప్పుడు సైకిలు తొక్కుకుంటూ వెళ్లాట్ట. "అప్పటికి నువ్వు పుట్టి గంటన్నరైంది. మీ అమ్మ యిప్పటికీ ఆ మాట ఎత్తదు. ఎత్తదంటే మర్చిపోయిందని కాదురా" అన్నాడు. బీడీ ఆరిపోతే మళ్లీ వెలిగించుకుని, "నీ మిషను నాకు నేర్పు" అన్నాడు.

అరవయ్యెనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. ఆ యినుప మెట్లు పట్టుకుని పట్టుకుని ఎక్కేవాడు. మౌసు ఎలుకను పట్టినట్టు పట్టేవాడు. వారం రోజుల్లో నేర్చేసుకున్నాడు. అప్పట్నించీ ప్రతి శుక్రవారం ఆయన క్యాబిన్‌లో, నేను గుంటూర్లో.

ఆ ఆరు వారాలూ ఎలా గడిచాయో! స్కానింగు గదిలో చీకటి, మూలన వెలిగే తెర. నాకు అలవాటైన చీకటే, కానీ యిక్కడ కథ చివరికేమవుతుందో ముందే చూసినవాడు ఎవడూ లేడు. అలలు అలలుగా గీతలు పైకీ కిందికీ పోతుంటాయి, రాముడి రక్తం పోయే దారి అది. డాక్టరమ్మ మొహం చూసి ఫలితం కనిపెట్టటం నేర్చుకున్నాను. పెదవి బిగిస్తే బాగా లేనట్టు. "వచ్చే వారం చూద్దాం" అంటే బతికినట్టు.

ఆ రాత్రుళ్లు మా ఆవిడకు నిద్రపట్టక, సినిమా సంగతులు చెప్పమనేది. రెండు వేషాలు ఒకే ఫ్రేములో ఎలా తీసేవాళ్లో చెప్పాను. కెమెరా కదలకుండా బిగించి, లెన్సుకు సగం మూసి ఒకవైపు తీసేవాళ్లు. తర్వాత ఫిల్మును వెనక్కి తిప్పి, తీసిన సగం మూసి, రెండోవైపు తీసేవాళ్లు. మధ్య గీత ఒక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కు చెక్కుకుపోయినట్టు తెలిసిపోతుంది. ఒకరి వీపు కనపడేచోట డూపుని పెట్టేవాళ్లు. 'రాముడు భీముడు'లో రామారావుకు డూపుగా నిలబడింది మన కైకాల సత్యనారాయణే. "పాపం, అంతసేపూ నటించి మొహం కనపడలేదన్నమాట" అంది మా ఆవిడ. కాసేపాగి, "మన రాముడి మొహం కూడా సరిగ్గా కనపళ్లేదు. ఎప్పుడు చూసినా భీముడి వెనకే వుంటాడు" అంది.

జూన్ మొదటి వారంలో గీతలు బాగాలేవన్నారు. ఆసుపత్రిలో చేర్చుకుని, పిల్లల వూపిరితిత్తులు గట్టిపడటానికి పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు చేశారు. చూడవచ్చిన బంధువొకావిడ, "ఏడో నెల పిల్లలు బతుకుతారు గానీ ఎనిమిదో నెల పిల్లలు బతకరంటారు" అని వినపడేలాగే అంది. నేను పరుగెత్తుకెళ్లి డాక్టరమ్మని అడిగాను. "కడుపులో వున్న ప్రతి వారమూ లాభమేనయ్యా, ఏడు కంటే ఎనిమిది మేలు. ఆ మాటన్నావిణ్ణి నా దగ్గరికి పంపు" అంది. పంపలేదు గానీ, ఆవిణ్ణి బస్సెక్కించి వచ్చాను.

జూన్ 9, మళ్లీ శుక్రవారం. ముప్ఫైనాలుగు వారాలు. పొద్దున్న పదింటికి చూసి, మధ్యాహ్నం ఆపరేషనన్నారు. మా ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్తుంటే నా చొక్కా చేతిని పట్టుకుని, "యిక్కడే వుంటారుగా?" అంది. వుంటానన్నాను. ఆవిడ ఆ చెయ్యి వదలటానికి కొంతసేపు పట్టింది.

రెండు నిమిషాల తేడాలో యిద్దరూ బయటికొచ్చారు. ఆడపిల్లలు! రాముడూ లేడు, భీముడూ లేడు. పెద్దది 1,950 గ్రాములు, చిన్నది 1,400. పెద్దది కాసేపు ఏడవకుండా వూరుకుందట. చిన్నదే ముందు కెవ్వుమని అరిచిందట. ఏడుపు తలుపులోంచి నాకు వినపడింది గానీ, అది ఎవరిదో తర్వాత నర్సు చెబితే తెలిసింది. నాన్నకు ఫోన్ చేశాను. అవతల మ్యాట్నీ జరుగుతోంది. "యిద్దరూ?" అన్నాడు. "యిద్దరూ నాన్నా" అన్నాను. "మీ ఆవిడ?" అన్నాడు. "బాగుంది." "సరే పెట్టెయ్, ఇంటర్వెల్ వస్తోంది" అన్నాడు. గొంతు మాత్రం అదోలా వుంది.

పెద్దది పదకొండు రోజులకి యింటికొచ్చింది. చిన్నది యిరవై ఆరు రోజులుంది. మొదటి వారం గాజుపెట్టెలో, ముక్కుకి గొట్టం. నా చిటికెన వేలంత చెయ్యి. తర్వాత ఒక రోజు నర్సమ్మ, "చొక్కా విప్పి కూర్చోండి" అంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. యిదివరకు చొక్కా విప్పింది మా వూరి కాలవలో యీతకే. బట్టలేకుండా పిల్లని నా గుండెమీద బోర్లా పడుకోబెట్టి, పైన దుప్పటి కట్టేసింది. పెట్టెలు చాలక 1978లో కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో ఒక డాక్టరు మొదలుపెట్టిన పద్ధతట యిది. కంగారూ పిల్లను సంచిలో పెట్టుకున్నట్టు. ఒంటివేడి ఒంటికి తగుల్తూ వుంటే పిల్ల వెచ్చగా వుంటుంది, వూపిరి కుదురుతుంది, బరువు పెరుగుతుంది. తల్లే చెయ్యాలని లేదు, తండ్రి కూడా చెయ్యొచ్చు. మా ఆవిడ పెద్దదాన్ని, నేను చిన్నదాన్ని. ఎదురెదురు కుర్చీల్లో ఒక్కోసారి మూడేసి గంటలు. కదలకూడదు. ఆ మూడు గంటలూ ఒక్క సినిమా నిడివి! కాలు తిమ్మిరెక్కేది, వీపు దురద పెట్టేది. మా ఆవిడ నన్ను చూసి నవ్వేది. ఏప్రిల్ 28 తర్వాత ఆవిడ అలా నవ్వటం అదే మొదలు.

ఆ సంవత్సరం సెప్టెంబరు 21న 'జై లవ కుశ' పడింది. జూనియర్ ఎన్.టి.ఆర్. మూడు వేషాలు. మా అమ్మ, "మూడా! వద్దురా బాబూ, ఆ బొమ్మ మన హాల్లో వెయ్యకండి" అని దణ్ణం పెట్టింది. నేను ప్రొజెక్టరుకి బొట్టు పెట్టి, పది నెలల తర్వాత మొదటిసారి కాయ చేతిలోకి తీసుకున్నాను. అలవాటు తప్పి మొదటి దెబ్బకి పగల్లేదు. గేటు కుర్రాడు పకపకా నవ్వాడు. రెండో దెబ్బకి వంకరగా పగిలి, నీళ్లన్నీ నా చొక్కామీద పడ్డాయి.

మొదటి ఆట వేసి, మా నాన్నను క్యాబిన్‌లో కూర్చోబెట్టి, సైకిలెక్కాను. ఆ రోజు పిల్లలకు టీకాలు. పెద్దదాన్ని మా ఆవిడ ఎత్తుకుంది, చిన్నదాన్ని నేను. సూది పడగానే పెద్దది ఏడ్చింది. వింతేమిటంటే, యింకా సూది పడని చిన్నది కూడా వెంటనే అందుకుంది.